నడిబజారున బండ్ల నిలుపుదల
(పఠనమందిర సభలో చేసిన యుపన్యాసము)



దేశమున నిన్ని గొప్ప సమస్యలుండగా మోటారుబండ్లు నిలుపుకొను చోటును గూర్చి యుపన్యాసమేమని కొందరు మిత్రులు మమ్ము పరిహసించిరి. పరిహసింపవచ్చును. కాని వారును తమ బండి నెక్కడ నిలుపవలెనో తెలియక రెండుమారులు వీథి చుట్టి వచ్చినవారే. స్వపరిపాలన మన వీథిదాక వచ్చినదా, శాసనసభలోనే నిలిచిపోయినదా యని తెలిసికొనుటకు ఇంతకంటె మంచి గీటురాయి మాకు కనబడలేదు.

హైదరాబాదులోని సుల్తానుబజారును చూడుడు. 1901లో నెలకొల్పబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అక్కడనే కలదు. నిజాము పాలనలో తెలుగునకు ఆదరణ కరవైన దినములలో తెలుగు పుస్తకమునకు నిలువ నీడ నిచ్చిన వీథి యది. నేడు ఆ ప్రాంతమున, కోఠి మొదలు అబిడ్సు వరకు, కాలినడకవానికి బాట దొరకుట కష్టము. కాలిబాటపై స్కూటర్లు, వాని ప్రక్కన కార్లు, కార్ల ప్రక్కన తోపుడుబండ్లు, మిగిలిన సందులో బస్సులు, ఆ బస్సుల నడుమ బిడ్డను చంకనెత్తుకొన్న తల్లి. ఇది హైదరాబాదునకే ప్రత్యేకము గాదు. బెజవాడలోని బీసెంటు రోడ్డుకు పండుగ దినములలో పోయినవారికి మేము వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇక రుసుముల సంగతి. తెలంగాణ ప్రభుత్వము 2018 మార్చిలో ఒక యుత్తరువు చేసి, ఏప్రిలు 1వ తేదీనుండి అమలున బెట్టినది. మాలులలోను మల్టీప్లెక్సులలోను మొదటి 30 నిమిషములు ఉచితము. ఆపైన గంటవరకు, ఏదైన కొన్నట్లు బిల్లు చూపినవానికి ఉచితము. గంట దాటిన పిమ్మట, బిల్లుగాని సినిమా టిక్కెట్టుగాని పార్కింగు రుసుముకంటె హెచ్చుగా నున్నచో నప్పుడును ఉచితమే. 2021 జూలైలో ఒకే తెరగల సినిమాహాళ్లకు మాత్రము రుసుము వసూలు చేసికొను ననుమతి మరల నిచ్చిరి.

2018 నాటి యుత్తరువును మేము మెచ్చుకొనుచున్నాము. బండ్లు నిలుపుటకు ఇంత స్థలము విడిచెదమని నకషాలో చూపి కట్టడమునకు అనుమతి పొందినవారు, ఆ స్థలమునకే వచ్చినవారినుండి పైకము గుంజుట న్యాయము గాదు. కాని యా యుత్తరువు గోడలోపలి విషయమే. గోడ వెలుపలి వీథి మాటేమి? మాలులో చలువగాలి పీల్చుచు చీర కొన్నవారి కారునకు నీడయు ఉచితము, కాపలాయు ఉచితము. సుల్తానుబజారులో గాజులు కొన్న యిల్లాలికి నడచుటకు బాటయే లేదు.

ఉచితమన్నది నిజముగా ఉచితమా? నగర నిర్మాణ శాస్త్రజ్ఞులు ఒక కారు నిలుచుటకు, వచ్చిపోవు త్రోవతో గూడ, ఆరుబయట 23 చదరపు మీటర్లు లెక్క వేయుదురు. మన లెక్కలో నది యించుమించు 27 గజముల పైచిలుకు. పదిపండ్రెండడుగుల గది యొకటి 120 చదరపుటడుగులు గదా. అట్టి గదులు రెండు ఒక్క కారు క్రింద పోవుచున్నవి. తెలంగాణ ప్రభుత్వము పేదలకు కట్టించిన రెండు పడకగదుల యిల్లు 560 చదరపుటడుగులు. రెండు కార్లు నిలుచు చోటునకు కొంచెము చేర్చిన నొక సంసారము నిలుచును! ఈ స్థలము ఖరీదు ఎవరో యొకరు పెట్టుకొనవలెను. మాలులో నది సరకుల ధరలో కలిసిపోవును; బస్సులో వచ్చి సబ్బుబిళ్ల కొన్నవాడును కారువాని స్థలమునకు తన వంతు చెల్లించి పోవుచున్నాడు. వీథిలోనైతే కాలినడకవాడు తన బాటను వదలుకొని చెల్లించుచున్నాడు. 2006 నాటి జాతీయ నగర రవాణా విధానమే, పార్కింగు రుసుము భూమి విలువకు తగినట్లుండవలెనని చెప్పినది. చెప్పి పదునెనిమిదేండ్లు దాటినది.

అందుచేత నడిబజారున రుసుము పెట్టవలదని మేము చెప్పము. పెట్టవలసినదే. బేరములు పోవునని వర్తకులు భయపడుదురు. ఆ భయము క్రొత్తది గాదు. 1935 జూలై 16వ తేదీన అమెరికాలోని ఓక్లహామా నగరమున మొట్టమొదటి పార్కింగు మీటరు పెట్టిరి. దాని నూహించినవాడు కార్లు మాగీ యను పత్రికా సంపాదకుడు. మా వృత్తివాడే యగుట చేత ఈ మాట కొంచెము గర్వముతో చెప్పుచున్నాము. కచేరీలలో పనిచేయువారి కార్లు ఉదయమునుండి సాయంకాలము వరకు అంగళ్లముందు కదలక నిలిచి, కొనవచ్చినవారికి చోటు లేకుండుటయే అచ్చటి బాధ. మీటరు పెట్టగానే కార్లు కదలసాగెను, చోటు దొరకెను. మీటర్లు లేని వైపు వర్తకులు తమకును కావలెనని యడిగిరి. మన బజారులలోను అంగడిముందు దినమెల్ల నిలుచు బండి తరచుగా ఆ యంగడివానిదియో, వాని గుమాస్తాదియో యని వర్తకమిత్రులు మన్నించి గమనింతురు గాక.

అయితే వసూలైన పైకమెక్కడికి పోవును? మా యుపన్యాసమున కిదియే జీవము. కాలిఫోర్నియాలోని పసదీనా నగరమున పాతబజారు పాడువడియుండెను. 1993లో మీటర్లు పెట్టబోగా వర్తకులు ఎదిరించిరి. మీటర్లలో పడు సొమ్ము ఆ వీథులకే వెచ్చింతుమని నగరసభ మాట యిచ్చినది, ఇచ్చి నిలుపుకొన్నది. ఆ సొమ్ముతో కాలిబాటలు బాగుపడెను, దీపములు వెలిగెను, చెట్లు లేచెను, బజారు మరల నిండెను. మన యూళ్లలో నేమి జరుగుచున్నది? తరచుగా వసూలు హక్కు వేలము వేయుదురు. పాటపాడినవాడు రసీదు పుస్తకమిచ్చి యొక కుఱ్ఱవానిని నిలబెట్టును. రసీదుపై తేది యుండదు. వ్రాసిన రుసుమొకటి, అడుగు రుసుము మరియొకటి. అయిదేండ్లు చెల్లించినను ఆ వీథిలో నొక మరుగుదొడ్డి లేవదు. పూర్వము సంతపన్ను ఇజారాకిచ్చిన పద్ధతికిని దీనికిని భేదమేమో మాకు తోచకున్నది.

ఇందు చట్టపు లోపమును లేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పండ్రెండవ షెడ్యూలులో, పురపాలక సంస్థలకు అప్పగింపదగిన 18 విషయములలో, వీథిదీపములతోను బస్సు నిలయములతోను పాటు బండ్లు నిలుపు స్థలములును పేర్కొనబడినవి. 1988 నాటి మోటారువాహన చట్టము 117వ విభాగముగూడ, ఆ చోట్లను నిర్ణయించునప్పుడు స్థానిక సంస్థను సంప్రదింపుమనుచున్నది. అయినను రుసుములు మారినట్లు మనకు తెలియునది ఉదయము పత్రికలో రాజధాని వార్త చదివిన పిమ్మటనే. ఏ వార్డు సభ చర్చించినది? ఏ వర్తక సంఘమును, ఏ రిక్షావానిని, ఏ పాదచారిని పిలిచి యడిగిరి? మనయూరి వీథిలో గీత యెక్కడ గీయవలెనో మనము చెప్పుకొనలేనిచో, మనకున్నది ఓటుమాత్రమే.

కావున నిబంధనలు మార్చునపుడు మొదట కాలిబాటను కొలిచి విడువవలెను, మిగిలినదే బండ్లకు. 2019లో చెన్నపట్టణమున పాండీబజారు కాలిబాటలను విశాలము చేసిరి. త్యాగరాయనగరమున బట్టలు కొనబోవు తెలుగువారు వానిపై నడచి చూచినవారే. తోపుడుబండ్లవారిని తరిమి ఆ చోట కార్లను నిలుపుట మాత్రము మేము సహింపము. వారి జీవనమునకు 2014 నాటి వీథివర్తకుల చట్టము రక్షణ నిచ్చుచున్నది, కారునకట్టి చట్టమేదియు లేదు. రుసుముల పట్టిక తెలుగున పెద్ద యక్షరములతో వీథి మొగమున వ్రేలాడవలెను. నెలనెల వసూలెంతో, ఆ వీథికి వెచ్చించినదెంతో దాని క్రిందనే వ్రాయవలెను. వికలాంగుల బండికిని, రోగిని దింపు బండికిని రుసుము కూడదు.

ఈ కోరికలతో నొక మహజరు వ్రాసి బల్లపై నుంచినాము. సమ్మతించువారు సంతకము చేయుడు; సమ్మతింపనివారు కారణము ప్రక్కన వ్రాయుడు, దానినిగూడ పత్రికలో ప్రకటింతుము. రాత్రులందు ఇండ్లముందు వీథిలోనే కార్లు నిలుపుట వేరొక చిక్కు. జపానువారు 1962లోనే, నిలుపు చోటు చూపనివానికి కారు రిజిస్టరు కాకుండ చట్టము చేసికొనిరి. ఆ సంగతి వచ్చెడి సభలో విచారింతము.