పట్టా తరవాత లైసెన్సు, లైసెన్సు తరవాత చదువు

అమెరికాలో ఇంజనీర్లకూ భూమి సర్వేయర్లకూ లైసెన్సు తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం వయోమింగ్. అది 1907. అక్కడ నీటి హక్కు కోరే ప్రతి దరఖాస్తుకూ పటం జతచేయాలి. ఆ పటాలను లాయర్లు, నోటరీలు కూడా గీసేసి ఇంజనీర్ల పేరుతో సంతకాలు పెట్టేవారు. అలాంటి పటాలతో నీళ్లు పంచలేమని రాష్ట్ర ఇంజనీరు క్లారెన్స్ జాన్‌స్టన్ చట్టం కోసం పట్టుబట్టారు.

టెక్సాస్‌లో ఇంజనీర్లకు అలాంటి చట్టం రావడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1937 మార్చి 18న న్యూ లండన్ అనే ఊళ్లో బడి భవనం కింద చేరిన సహజవాయువు పేలి, దాదాపు మూడు వందల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. వాయువుకు వాసన లేదు గనక లీకు ఎవరికీ తెలియలేదు. వాయువుకు వాసన కలపాలన్న నిబంధన, ఇంజనీరింగ్ వృత్తి చట్టం ఆ ఏడాదే వచ్చాయి. లైసెన్సును ఉద్యోగానికి ఒక అదనపు అర్హతగా మాత్రమే చూసే పట్టభద్రులకు ఈ చరిత్ర తెలిసి తీరాలి. ఇంజనీరు వేసిన లెక్కను సరిచూసుకోలేని జనం కోసం పుట్టిన చట్టమిది.

లైసెన్సుకు గుర్తింపున్న డిగ్రీ, ఫండమెంటల్స్ పరీక్ష, సాధారణంగా నాలుగేళ్ల అనుభవం, ప్రొఫెషనల్ ఇంజనీరు పరీక్ష కావాలి. సర్వేయర్లకు వేరే పరీక్షలతో పాటు ఆ రాష్ట్ర భూచట్టాల మీద కూడా పరీక్ష ఉంటుంది. కాకినాడలోనో అనంతపురంలోనో బీటెక్ చేసి వెళ్లినవారి డిగ్రీని చాలా సందర్భాల్లో అక్కడి ప్రమాణాలతో పోల్చి మదింపు చేస్తారు.

అంతటితో చదువు ముగియదు. టెక్సాస్ ఇంజనీరు ఏటా 15 గంటలు చదవాలి, అందులో కనీసం ఒక గంట వృత్తినీతికి. న్యూయార్క్‌లో మూడేళ్లకు 36 గంటలు. ఎందుకంత పట్టింపు? 1994 జనవరి 17న లాస్ ఏంజెలస్‌లో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. వంగుతాయే తప్ప విరగవని అందరూ నమ్మిన ఉక్కు దూలాల వెల్డింగ్ అతుకులు ఎన్నో భవనాల్లో పగిలిపోయాయి. ఆ అతుకులు అప్పటి నిబంధనల ప్రకారం వేసినవే, అంటే ఒకసారి నేర్చుకున్న నిబంధనే తర్వాత తప్పని తేలవచ్చు. పాఠం పుట్టిన కాలిఫోర్నియా మాత్రం ఇంజనీర్లను ఈ గంటల లెక్క అడగదు. ఇది ఆ రాష్ట్రానికి తగని వెసులుబాటు.

సర్వేయర్ల విషయంలో కొలబద్దే మారింది. అమెరికా సర్వే అడుగు 2022 చివరితో అధికారిక వాడుకలోంచి పోయింది. దానికీ అంతర్జాతీయ అడుగుకూ తేడా పది లక్షల్లో రెండు వంతులే. పొలం గట్టు కొలిస్తే కనిపించదు. కానీ స్థలం ఎక్కడుందో చెప్పే రాష్ట్ర నిరూపకాలు లక్షల అడుగుల్లో ఉంటాయి. పది లక్షల అడుగుల దగ్గర తేడా రెండడుగులవుతుంది, హద్దు పక్కవాడి స్థలంలో పడుతుంది. పాత పటాలు పాత అడుగులోనే ఉన్నాయి కాబట్టి సర్వేయరుకు రెండూ తెలియాలి.

గంటలు కూర్చున్నంత మాత్రాన విద్య రాదన్న విమర్శ నిజమే. అయినా గంటల నియమం లేకపోతే పని ఒత్తిడిలో మొదట వాయిదా పడేది చదువే. టెక్సాస్‌లో ఆ లెక్క ఎవరికి వారే రాసి పెట్టుకోవాలి. బోర్డు తనిఖీకి అడిగితే రుజువులు చూపాలి.