వంతవాడి వైపు నుంచి

లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం ఒగ్గుకథకు చిరునామా అయిందంటే అది చుక్క సత్తయ్యగారి చలవే. 2017లో ఆయన పోయాక చాలామంది ఆయన గొంతు గురించి, అవార్డుల గురించి చెప్పారు. నేను మాత్రం ఆయన పక్కన డోలు వేసుకొని నిలబడ్డ వంతవాడి వైపు నుంచి ఈ చరిత్ర చెప్తాను.

వంతవాణ్ని ఇలా మరిచిపోవడం కొత్తేమీ కాదు. ఈ జనగామ నేలమీదే పుట్టిన పాల్కురికి సోమన 13వ శతాబ్దంలోనే పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలనీ, వెన్నెల పదాలనీ పేరుపేరునా చెప్పాడు. పాడినవాళ్ల పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

ఒగ్గువాళ్లు ముందు పూజారులు, ఆ తర్వాతే కళాకారులు. కురుమ, గొల్ల ఇళ్లల్లో మల్లన్నకో బీరప్పకో పట్నం వేయాలంటే వాళ్లే రావాలి. బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి, బొగ్గుపొడి వేళ్ల సందుల్లోంచి జారుతుంటే నేలమీద పట్నం ముగ్గు లేస్తుంది. ఆ తర్వాతే కథ. కథకుడు గొంగడి కొంగు నెత్తిన కప్పుకుంటే ఆడమనిషి. అంతవరకు డోలుకు ఒక పక్క పుల్లతో, ఇంకో పక్క చేత్తో దరువేస్తున్న వంతవాడు ఆ క్షణానే మొగుడవుతాడు. మరుక్షణం ఊళ్లోవాడై "మరి అప్పుడేమైంది?" అని నిలేస్తాడు. ఆ ప్రశ్న పడకపోతే కథ కదలదు.

ఇలాంటి ఆటపాటలు అంతటా ఒకేలా ఉండవు. ఫ్రాన్సులో నాట్యం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. బుర్రే నాట్యం ఒవెర్న్‌లో మూడు దెబ్బల తాళానికి నడిస్తే, బెర్రీలో ఎక్కువగా రెండు దెబ్బలకు నడుస్తుంది. మన దగ్గర ఆటపాట కులాన్నీ దేవుణ్నీ బట్టి మారుతుంది. ఒకే ఊళ్లో కురుమల డోలు వేరు, మాదిగ ఇళ్లను ఆశ్రయించిన చిందోళ్ల దరువు వేరు. ఏ ఊరు ఏ మేళానిదో ముందే తేలిన హక్కు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది ఆ చిందు యక్షగానానికే. మహబూబాబాద్ తండాల్లో తీజ్ నాడు గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడపిల్లల ఆట ఇంకో లోకం. భూపాలపల్లి అడవి అంచున, మేడారం దారిలో, కోయ డోలీలు పడిగె విప్పి వంశగాథ పాడతారు. దాని గురించి మాట్లాడాలంటే ఇంకో సభ కావాలి.

మన వంతకు దగ్గరి చుట్టం ఫ్రాన్సులోని బ్రెతాన్‌లో ఉంది. 'కాన్ హ దిస్కాన్' అంటారు. మొదటి గాయకుడి చివరి అక్షరాల మీదే రెండోవాడు గొంతు కలిపి ఆ చరణాన్ని అందుకుంటాడు. పాటలో సందు పడదు, ఆడేవాళ్ల అడుగు ఆగదు. 1950లలో లోయిజ్ రోపార్స్ వంటివాళ్లు ఆ పాటకు అందరూ కలిసి ఆడే రాత్రి ఆటలను మళ్లీ నిలబెట్టారు. అవి 2012లో యునెస్కో జాబితాకెక్కాయి. అక్కడ గాయకులను జంటగానే పిలుస్తారు.

మనం అలా పిలవం. వేదిక మీద పది నిమిషాలిస్తే ముందు ఎగిరిపోయేది వంతవాడి ప్రశ్నే. ప్రభుత్వ ఉత్సవాల్లో ఒగ్గుడోలు విన్యాసం చూస్తున్నారు కదా, కుర్రాళ్లు భుజాల మీదికెక్కి నిలబడుతుంటే ఒళ్లు పులకరిస్తుంది, కాదనను. కానీ అందులో కథ లేదు, అడిగేవాడూ లేడు. ఈసారి శాలువాలు కొనేముందు, మేళంలో ఎంతమందో ఒక్క మాట అడిగి కొనండి.