పాత స్టేషనుకు కొత్త వాకిలి
(ప్రసంగ పాఠం)



చికాగో నగరం పేరు చెప్పగానే మనకు 1893 సెప్టెంబరు నాటి సర్వమత మహాసభ, అందులో వినిపించిన స్వామి వివేకానందుని కంఠస్వరం స్ఫురణకు వస్తాయి. ఆ ఏడాదే అక్కడ గొప్ప ప్రపంచ ప్రదర్శన జరిగినది. ప్రదర్శన ప్రాంగణానికి ప్రజలను చేరవేసిన సాధనాలలో, నేలను తాకకుండా ఉక్కు స్తంభాలపై నడిచే రైలు ఒకటి. 1892 జూన్ 6వ తేదీన ప్రారంభమైన ఆ రైలును తొలినాళ్లలో ఆవిరి ఇంజన్లు లాగేవి. ఆ మార్గాలకు అనుబంధంగా తరువాత వెలసిన క్విన్సీ అనే చిన్న స్టేషను కథను నేడు మీ ముందుంచదలచినాను.

ఆరంభంలో వేర్వేరు సంస్థల రైళ్లు నగరంలో వేర్వేరు చోట్ల ఆగిపోయేవి. వాటన్నిటినీ కలుపుతూ, వ్యాపార కేంద్రాన్ని నాలుగు వీధుల మీదుగా చుట్టివచ్చే ఉమ్మడి మార్గం 1897లో ఏర్పడినది. దాన్ని ‘లూప్’ అన్నారు. చార్లెస్ యెర్క్స్ అనే ధనికుడు దీనికి ప్రధాన సూత్రధారి. క్విన్సీ స్టేషను ఆ సంవత్సరం అక్టోబరు 3న ప్రారంభమైనది. దీని రూపకర్త ఎ. ఎం. హెడ్లీ. అచ్చువేసిన లోహపు రేకుపై పూలదండలు, స్తంభాల ఆకృతులు తీర్చి, రంగులు వేసి, రాతి కట్టడమనిపించే శోభను కల్పించారు. నిత్యం పనికి పోయే సామాన్యుడు కూడా అందమైన ద్వారం గుండా పోవాలనే భావన అందులో కనిపిస్తుంది.

కాలక్రమంలో ఈ రైలుమార్గం నగరానికి భారమని తోచినది. వీధులకు నీడ, చెవులకు మోత. 1970లలో దీనిని తొలగించి భూగర్భ మార్గం నిర్మించాలన్న ఆలోచన బలపడినది. 1979లో ఆ ప్రయత్నాన్ని విరమించుకున్నారు. లూప్ నిలిచినది. ఇతర స్టేషన్లు చాలా మార్పులకు లోనుకాగా, క్విన్సీ మాత్రం తన పూర్వరూపాన్ని అధికభాగం నిలుపుకొన్నది. 1985లో పునరుద్ధరణ ఆరంభించి, 1988 నాటికి దానిని 1897 నాటి రూపానికి తెచ్చినారు. దీపాలు సైతం పాతకాలపు పోలికలోనే అమర్చినారు.

అయితే మిత్రులారా, పాత రూపంతోపాటు పాత లోపం కూడా మిగిలినది. వీధినుండి ప్లాట్‌ఫారం చేరడానికి మెట్లే దారి. చక్రాల కుర్చీలో వచ్చేవానికీ, మోకాళ్లు సహకరించని వృద్ధురాలికీ ఆ అందమైన స్టేషను క్రిందనుండి చూసి ఆనందించదగిన బొమ్మ మాత్రమే. వికలాంగుల హక్కులకు అమెరికాలో 1990లో చట్టం వచ్చినది. క్విన్సీకి లిఫ్టులు వచ్చినది 2018లో. పట్టాలకు ఇరువైపులా ప్లాట్‌ఫారాలున్నందున రెండు లిఫ్టులు అవసరమైనవి. స్టేషను చారిత్రక రూపాన్ని నిలుపుకొంటూనే ఈ పని నెరవేర్చినారు.

దీనికి భిన్నమైన మార్గమూ అదే లూప్‌లో ఉన్నది. 1890ల నాటి రెండు స్టేషన్లకు బదులుగా 2017లో ఒక కొత్త స్టేషనును ప్రారంభించినారు. అక్కడ సౌకర్యం పెరిగినది గాని, పాత రూపం మిగలలేదు. పాతదానిని కూల్చకుండానే అందరికీ తెరవవచ్చునని క్విన్సీ నిరూపించినది.

మన దేశంలోనూ ఈ ప్రశ్న ఉన్నది. 2002లో ఢిల్లీలోను, 2017లో హైదరాబాదులోను స్తంభాలపై ప్రారంభమైన మెట్రో మార్గాలలో లిఫ్టులు నిర్మాణంలోనే భాగం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వెలువడినది. కొత్తగా కట్టేటప్పుడు అందరినీ తలచుకోవడం సులభమే. పూర్వీకులు కట్టిన స్టేషన్లు, గ్రంథాలయాలు, కళాశాలల మాట ఏమిటి? కట్టడాన్ని కాపాడడం ఒక ధర్మమైతే, దాని గడప ముందు ఆగిపోయిన మనిషిని లోనికి తీసుకుపోవడం అంతకు తక్కువ ధర్మం కాదు.

మీ కళాశాల మెట్లను రేపు ఒకసారి ఈ దృష్టితో చూడండి. ఎవరు ఎక్కలేకపోతున్నారో గమనించండి. పునరుద్ధరణ అక్కడినుండే ఆరంభం కావాలని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.