తెలిసిన పద్యము – తన బాణీ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున నాటక పద్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నాటకము నెరుగని యిల్లు ఈ యూర లేదు గనుక చరిత్ర నేకరువు పెట్టి మీకు నిద్ర తెప్పింపను. రచ్చబండమీద మన పెద్దలు ఏనాటినుండియో తర్కించుకొనుచున్న ఒక్క విషయమునే తీసికొందును. అందరికిని కంఠస్థమైన పద్యమును ఒక నటుడు తన సొంత బాణీలో పాడినచో అది పద్యమునకు చేసిన సేవయా, అపచారమా?

సేవయే యని నా యభిప్రాయము. అయితే అందుకొక షరతు కలదు. దానిని చెప్పుటకు ముందు పద్యముయొక్క స్వభావమును కొంచెము చూడవలెను.

త్యాగరాజస్వామివారి కీర్తనను పాడువాడు వారు నిర్ణయించిన రాగతాళములకు లోబడి పాడవలెను. నాటక పద్యమునకు ఆ కట్టుబాటు లేదు. కవి గణములను, యతిని, ప్రాసను కట్టి యిచ్చును. ఏ రాగమున నెత్తుకొనవలెనో, ఎచ్చట నిలువవలెనో, ఏ మాటను సాగదీయవలెనో గణములు చెప్పవు. కవి విడిచిన ఆ చోటే నటుడు దున్నుకొను చేను. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారు వచ్చి ఆడిన ఆటలు చూచి మనవారికి నాటకములయం దుత్సాహము పుట్టినది. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) నాటకమును పాటలతో పద్యములతో నింపిరి. అటుపిమ్మట మనవాడు నాటకము చూడబోవుటకంటె వినబోవుటయే యెక్కువైనది.

ఇక ఉదాహరణమునకు వత్తము. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు మీరందరును ఎరిగినవే. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870–1950) అవధానములలో ఎంత ప్రజ్ఞ చూపిరో గాని, చేలలో నాగలి పట్టినవాని నోట నిలిచినవి ఈ నాటక పద్యములే. పడకసీనులో శ్రీకృష్ణుడు కనులు తెరచి దుర్యోధనుని “బావా” యని పిలిచి కుశలమడుగు పద్యము గలదు. రాయబారములో, యుద్ధమే సంభవించినచో అర్జునుని రథమెట్లుండునో కౌరవసభకు వినిపించు పద్యము మరియొకటి కలదు. రెండును శార్దూలవిక్రీడితములే. పాదమునకు 19 అక్షరములు, 13వ యక్షరము యతిస్థానము. ఛందస్సు ఒక్కటియే యైనను పాడువానికి అవి పెట్టు పరీక్షలు వేరు.

మొదటి పద్యపు తొలిపాదమున యతిస్థానముకడ క్రొత్తమాట మొదలగును. అచ్చట నొక్క క్షణము ఆగినను అర్థము చెడదు. సరికదా, ప్రశ్న ప్రశ్నవలె వినవచ్చును. రెండవదాని తొలిపాదమున తెల్లని గుఱ్ఱముల వరుసను చెప్పు సమాసమున్నది. యతిస్థానము సరిగా గుఱ్ఱమను అర్థమిచ్చు ‘వాజి’ శబ్దమును నడుమకు చీల్చుచు పడినది. ఛందస్సు తెలిసినవాడనని చూపుటకు అచ్చట నిలిచినవాడు గుఱ్ఱమును రెండు ముక్కలు చేసినవాడగును. మంచి నటుడు ఆ సమాసమునంతటిని ఒక్క ఊపిరిలో లాగి, రథము కదలినట్లు చెవికి తోపించి, పిమ్మట ఆగును. ఇది రాగజ్ఞానముచేత మాత్రమే వచ్చునది కాదు.

కుశలప్రశ్న పద్యములోని స్వారస్యము ఇంకను సూక్ష్మమైనది. కృష్ణుడు నిజముగా నిద్రపోలేదు. అర్జునుని ముందుగా చూచి, ఆ పైని దుర్యోధనుని పలుకరించుచున్నాడు. కావున ఆ యాదరము నిజమా, నటనా, ఎత్తిపొడుపా? మోహనలో మెత్తగా ఎత్తుకొన్న కృష్ణుడు బంధువును గౌరవించినట్లు వినబడును. అదే పద్యమును తక్కువ రాగముతో, మాటమాటకు చిరునవ్వు విసరుచు చదివిన కృష్ణుడు జగన్నాటక సూత్రధారి యగును. పద్యమున ఒక్క యక్షరమైనను మారలేదు. మారినది కృష్ణుడు.

కంట్రాక్టు నాటకములలో ఒక్క రాత్రియే ముగ్గురు కృష్ణులు రంగమెక్కుట మనలో పెద్దలు చూచినదే. పడకసీనుకు ఒకరు, రాయబారమునకు ఒకరు. పట్టణపువారికి ఇది వింతగా తోచును. మనకు మాత్రము వేషము మారినదన్న స్పృహయే యుండదు. ఈ కృష్ణుడు ఆ మాటను ఎట్లు విరిచెనన్నదే విచారము. రాయబారములో పీసపాటి నరసింహమూర్తిగారి వాచిక స్పష్టతను మెచ్చినవారును, షణ్ముఖి ఆంజనేయరాజుగారి గాత్రమాధుర్యమునకు కరగినవారును ఒకే చాపమీద కూర్చుండి తెల్లవారుదాక వాదించుకొనిరి. ఇరుపక్షములకును పద్యము వచ్చును గనుకనే ఆ వాదము సాగినది.

కల్యాణం రఘురామయ్యగారి (1901–1975) ఈలపాటను తలచుకొనుడు. వేలు నోటియందుంచి వారు ఈల వేసినచో వేణువే మ్రోగినట్లుండెడిది. ఈలకు మాటలు లేవు గదా! అయినను విన్నవాని మనస్సులో పద్యము తనంతట తాను పలికినది. తెలియని పద్యమును ఈలపై వినిపించినచో అది వట్టి స్వరమే. తెలిసిన పద్యమే యైనందువలన వినువాడు మాటలు సమకూర్చెను, నటుడు స్వరము సమకూర్చెను. కళలో ప్రేక్షకునికి ఇంతటి భాగస్వామ్యము మరెచ్చటనైన కలదేమో నేనెరుగను.

స్త్రీ పాత్రలకు ప్రసిద్ధులైన స్థానం నరసింహారావుగారు (1902–1971) తమ పద్ధతిలో ఇదే చేసిరి. శ్రీకృష్ణ తులాభారములో సత్యభామ తన గర్వమును ప్రకటించు పాట పల్లవిని మరల మరల ఎత్తుకొని, ఎత్తుకొన్నప్పుడెల్ల వేరొక భావము నభినయించెడివారు. మెట్టు మారదు, మాట మారదు. ఒకమారు ధీమా, ఒకమారు మురిపెము, ఒకమారు సవతులను తలచి ఈసడింపు. 1966లో వచ్చిన చలనచిత్రములో ఆ పాటనే శ్రీమతి పి. సుశీలగారు పాడిరి. పురుషుడు స్త్రీవేషమున పాడిన పాట స్త్రీ కంఠమునకు మరలి వచ్చినప్పుడు దాని గర్వములో సౌకుమార్యము హెచ్చినది. రెండును సత్యభామలే.

గ్రామఫోను వచ్చినప్పుడు వేరొక మార్పు కలిగినది. పాత ప్లేటు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే తిరుగును. రంగముమీద అర్ధఘడియ ఆలాపన చేయువాడు ప్లేటుకు పాడునపుడు రాగమును ముడిచి జేబులో పెట్టుకొనవలసివచ్చెను. కొందరికది శిక్ష, పద్యమునకు మాత్రము మేలే జరిగినదందును. తరువాతి కాలమున ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) ఈ పద్యములను పాడి యిచ్చినప్పుడు, రాగము మాటకు ముందు నడువక వెనుక నడచుట ఎట్టిదో ఇంటింటను తెలిసినది.

ఇచ్చటనే చిక్కు కూడ వచ్చినది. ఇప్పటి మన కుర్రవాండ్రు ఫోనులో ఆ పద్యమును పదిమారులు విని, ఘంటసాలవారు ఊపిరి తీసికొన్న చోటనే తామును ఊపిరి తీసికొనుచున్నారు. ఆయన ఆ చోట ఏల ఆగెనో తెలియకుండ ఆగుట అనుకరణము. దానికి పూర్తిగా విరుద్ధమైన జాడ్యము ఇంకొకటి యున్నది. హార్మోనియము వాయించువానితో పందెము వేసికొని, పద్యము చివర “ఆ”కారమును సాగదీసి, వన్సుమోరుకొరకు చూచుట. దానికి చప్పట్లు కొట్టు మనయందును కొంత దోషమున్నది లెండు. నేను పైని చెప్పిన షరతు ఇదియే: బాణీ మాటలోనుండి పుట్టవలెను, పాత్రలోనుండి పుట్టవలెను.

బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి (1881–1953) సత్యహరిశ్చంద్రీయములోని కాటిసీనును గూర్చి చెప్పి ముగింతును. అచ్చట నటులు రాగము నేర్పరచుకొనుటతో తృప్తిపడక, గుఱ్ఱము జాషువా కవిగారు (1895–1971) శ్మశానమును గూర్చి వ్రాసిన పద్యములనే తెచ్చి హరిశ్చంద్రుని నోట పెట్టిరి. కాటికాపరియైన రాజు, రాజునకును పేదకును మట్టి యొక్కటియే యన్న భావమును పలుకుటకంటె తగినదేమున్నది? అంటరానితనపు బాధ ననుభవించిన కవి వ్రాసిన పద్యములవి. అందుచేతనే అవి ఆ నాటకమునకు అతుకులు కాక అవయవములైనవి. కాని ఆ పద్యములు బలిజేపల్లివారివే యనుకొనువారు మనలోను అనేకులున్నారు. నటుని కంఠము ఎంత గొప్పదైనను కవి పేరును చెప్పదు. దానికొరకు పుస్తకము తెరువవలసినదే. జాషువాగారి ఖండకావ్యములు మన బీరువాలో ఉన్నవి. అవి బయటికి వెళ్లిన తేదీలు పట్టీలో చాల తక్కువ.

రేపు రాత్రి భోజనములైన పిమ్మట మన యువకులు బడి యావరణములో పడకసీను, కాటిసీను ప్రదర్శించుచున్నారు. కృష్ణులిద్దరు. వారిద్దరును పద్యములను మొదట పుస్తకము చూచి చదివి, అర్థమడిగి తెలిసికొని, తరువాతనే హార్మోనియము ముందు కూర్చుండిరని విని సంతోషించితిని. గ్రంథాలయములోని పాండవోద్యోగ విజయముల ప్రతి అట్ట యూడినది, కొన్ని పుటలు చేతుల నూనెతో మాసినవి. బైండింగునకు పంపవలెనని కార్యదర్శిగారు చెప్పిరి. అయితే ఆ ప్రతి ప్రస్తుతము దుర్యోధన వేషధారియొద్ద నున్నదట, గడువు దాటి పదునైదు దినములైనదట. నాటకము ముగిసిన మరునాడైనను దానిని తిరిగి యిప్పించవలసినదిగా వారి తండ్రిగారిని ఈ సభాముఖమున ప్రార్థించుచున్నాను.