అడిగి తీసుకుందాం



మా మార్టూరులో కల్లంలో ఎండబోసిన మిరపకాయలు గుప్పెడు కావాలన్నా రైతును అడిగే తీసుకుంటాం. కథ దగ్గరికొచ్చేసరికి ఆ మర్యాద మరిచిపోతాం. మా మహిళా మండలి సంచికలో ఒక పాత కథ వేద్దామనుకున్నాం. "రచయిత్రి పేరు వేస్తున్నాంగా, చాలదా?" అన్నారు ఒకావిడ. చాలదండీ! పేరు వేయడం వేరు, అనుమతి వేరు.

1957 నాటి కాపీరైటు చట్టం ఇప్పటి సవరణల ప్రకారం, రచయిత బతికినన్నాళ్ళూ, పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళూ హక్కు ఉంటుంది. గురజాడ వారు 1915లో పోయారు. వారి 'కన్యాశుల్కం' ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. శ్రీశ్రీ గారు 1983లో పోయారు. 'మహాప్రస్థానం'పై 2043 చివరిదాకా హక్కు ఉంటుంది.

మొదట రచయితను అడగాలి. వారు లేకపోతే వారసులను, హక్కులు రాసిచ్చి ఉంటే ప్రచురణకర్తను అడగాలి. ఏ రచన, ఎన్ని ప్రతులు, అమ్ముతారా, ఊరికే పంచుతారా అన్నీ ఉత్తరంలో రాయండి. జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు సుమా!

మేమూ రాశాం. రచయిత్రి కూతురు వెంటనే ఒప్పుకుంటూ ఇలా రాశారు: "వంటిల్లు సర్దుకుని రాత్రిళ్ళు రాసేది అమ్మ. ఆమె కథ కావాలని మమ్మల్ని అడిగినవాళ్ళు మీరే మొదలు."

అడగడమంటే ఆ కష్టాన్ని గుర్తించడమే కదా! సెలవు.