నల్లా బంద్ అయిన రోజు బోరు నీళ్లు ట్యాంకులోకి ఎక్కించొద్దు
(మిషన్ భగీరథ: నల్లగొండ జిల్లా గ్రామసభ ప్రసంగ పాఠం)

 

మిషన్ భగీరథ గురించి కొత్తగా చెప్పేదేముంది, నల్లా వచ్చింది కదా అంటారు. నిజమే. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన ఈ పథకంలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లెక్క. ఈరోజు మాత్రం నల్లా రాని రోజు గురించి మాట్లాడుకుందాం.

కృష్ణా నీళ్లు శుద్ధి కేంద్రం, సంపు, మోటార్లు, కిలోమీటర్ల కొద్దీ పైపులైన్, ఊరి ట్యాంకు దాటి మన ఇంటికి వస్తయి. మధ్యలో ఎక్కడ కరెంటు పోయినా, రోడ్డు పనుల్లో జేసీబీ పైపు పగలగొట్టినా నల్లా బంద్. ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. అప్పుడు చాలా ఊళ్లలో ఏం చేస్తరు? పాత బోరు మోటారు వేసి అదే ట్యాంకులోకి ఎక్కిస్తరు. నల్లా వచ్చింది, గొడవ సద్దుమణిగింది.

కానీ ఆ బోరులో ఏముందో మీకు నేను చెప్పాలా? పళ్ల మీద గార, వంగిన కాళ్లు, లేవలేని నడుములు మన ఇళ్లలో చూసినవే. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. దానికి రంగు లేదు, వాసన లేదు. మరగబెడితే పోదు, నీళ్లు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్‌ను ఏమీ చేయదు.

అందుకే బోరును పాడుపెట్టొద్దు, ట్యాంకుకు కలపొద్దు. వాడుక నీళ్లకు విడిగా సిస్టర్న్‌కు పెట్టి, అవి తాగేవి కావని దండోరా వేయించండి. తాగడానికి శుద్ధి చేసిన నీళ్లు ట్యాంకర్‌లో తెప్పించాలని పంచాయతీని అడగండి. ఇంట్లో ఒక రోజుకు సరిపడా తాగునీళ్లు మూతపెట్టి ఉంచుకుంటే మంచిది.

నల్లాకు మోటారు బిగించిన వాళ్లకు ఒక మాట. కోపం వస్తే రానీయండి. మీ మోటారు గుంజితే పైపులో ఒత్తిడి పడిపోతుంది, పగిలినచోట మోరీ నీళ్లు లోపలికి వస్తయి. అవి తాగేది పక్కింటి పిల్లలు, మీ పిల్లలు కూడా.

సరఫరా మళ్లీ మొదలైనప్పుడు ట్యాంకు కడిగించండి. 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే వెయ్యి లీటర్లకు 4 గ్రాములు, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. కలిపి అరగంట ఆగి వదలాలి. ఆ తర్వాత క్లోరోస్కోప్‌తో చిట్టచివరి ఇంటి నల్లా దగ్గర చూడాలి. అక్కడ కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు కిందనే చూసి రాసుకుంటే లాభం లేదు.

సభ అయినాక ఎవరూ వెళ్లిపోకండి. ట్యాంకు దగ్గరికి పోదాం. పాత బోరు పైపు ఇంకా దానికి కలిసి ఉందో లేదో వాటర్‌మ్యాన్ తమ్ముడు చూపిస్తడు.