యంత్రమునకును సమాగ్ని వలయును

(రజతోత్సవ సభలో గావించిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను మోటారు ఇంజనును చల్లబఱచు ఫ్యానును గూర్చి మాటాడెదనంటిని. వారు నవ్విరి. మీలోను కొందఱు నవ్వుచున్నారు. నే నిట్లేల కోరితినో కొంతసేపటికి మీకే తెలియగలదు.

నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. గ్రామపు లెక్కలు వ్రాయువాడను. మా తండ్రిగారి కరణీకము 1984లో ఆ పద్ధతితోడనే పోయినది. జమాఖర్చుల బుద్ధి మాత్రము నాకు మిగిలినది. కావ్యములును నేను బడిలో చదివినవి కావు; ఇదే బల్లమీద నిఘంటువును ప్రక్కన బెట్టుకొని కూడబలుకుకొన్నవి. తప్పులున్న మన్నింపుడు.

మన యూరి జీపు మీరెఱిగినదే. పెనుకొండకు రోగులను, ధర్మవరము జంక్షనునకు రైలు ప్రయాణికులను, హిందూపురపు అంగడికి పట్టుగూళ్లను మోసి మోసి ముసలిదైనది. దాని ఫ్యాను బెల్టుతో ఇంజనునకే తగిలించినది. ఎండయైనను చలియైనను ఇంజను తిరిగినంతసేపు తిరుగుచునే యుండును. కొంత డీజిలు మిగులునన్న యాశతో మన డ్రైవరు దానిని తీసివైచి, విద్యుత్తుతో తిరుగు ఫ్యానును కొని తెచ్చి, తానే బిగించుకొనెను. దానితో వచ్చిన కాగితము ఆంగ్లమున నుండెను. ఒక సాయంకాల మతడు దానిని చేతబట్టుకొని యిచ్చటికే వచ్చెను.

"సామీ, ఈ కాగితంలో ఏముందో రవంత చదివి చెప్పండి" అనెను.

నేనపుడు వసుచరిత్రములో నొక శ్లేష విడివడక చిక్కుపడి యుంటిని. తల యెత్తకయే "రేపు చూస్తాములే నాయనా" అంటిని. అతడు మాఱుమాటాడక పోయెను.

ఆ రేపు రాకమునుపే తెల్లవాఱుజామున అతడు పట్టుగూళ్ల మూటలతో హిందూపురమునకు బయలుదేరెను. ఏప్రిలు మాసము. సోమందేపల్లి దాటిన పిదప నిండుబరువుతో, లారీల వెనుక మెల్లగా పోవుచుండగా ముందుభాగమునుండి ఆవిరి చిమ్మెను. అతడు బండి నాపి, రేడియేటరు మూతపై గుడ్డ చుట్టి త్రిప్పెను. సలసల మరగుచున్న నీరు పైకెగసి అతని కుడిచేతిని మోచేతివఱకు కాల్చెను. ఎవరో పుణ్యాత్ములు తమ బండిలో ఆసుపత్రికి చేర్చిరి. గూళ్లు అంగడి చేరునప్పటికి నాటి వేలము ముగిసినది. నెలదినములు నిద్రమాని పురుగులను సాకిన రైతుకు మఱునాడు దక్కిన వెల తక్కువ.

ఆ రాత్రి నేనా కాగితమును చదివితిని. ముందు వెనుకలుగ పావుగంట పట్టినది. అందులో రెండు మాటలుండెను. మొదటిది: తీగలు తాఱుమారైన ఫ్యాను వెనుకకు తిరుగును, కావున బిగించిన తరువాత రేడియేటరు ఎదుట నొక కాగితపు ముక్కను పట్టి చూడుడు, గాలి దానిని లోపలికి లాగి అంటించుకొనవలెను. రెండవది: వేడిమీద మూతను తీయరాదు. మన జీపులో తీగలు తాఱుమారైనవి. ఎదుటినుండి వచ్చు గాలిని ఫ్యాను వెనుకకు నెట్టుచుండెను. ఒక్క కాగితపు ముక్కతో తేలిపోవలసిన సంగతి!

అప్పటినుండి నాకు తెలిసిన జమాఖర్చుల భాషలోనే ఈ విషయమును నేర్చుకొంటిని. ఇంజనులో కాలిన చమురు ఇచ్చు వేడిమిని జమ యనుకొందము. స్థూలముగా అందులో మూడవవంతు చక్రములను త్రిప్పు పనికి ఖర్చగును; మూడవవంతు పొగతో పోవును; మిగిలినది నీటిద్వారా రేడియేటరు చేరి గాలిలో కలియవలెను. ఈ మూడవ పద్దు చెల్లనిచో బాకీ పెరుగును. బండి గంటకు 50, 60 కిలోమీటర్ల వేగమున పోవునపుడు ఎదురుగాలియే ఆ బాకీని తీర్చును. నిలిచినపుడును, బరువుతో మెల్లగా ఎగబ్రాకునపుడును ఎదురుగాలి చాలదు. ఫ్యాను అక్కఱ అప్పుడే.

సముద్రమట్టమునకు సుమారు 620 మీటర్ల యెత్తున నున్న హిందూపురమున నీరు 98 డిగ్రీల చెంతనే మరగును. రేడియేటరు మూత ఒత్తిడిని నిలుపుటచేత లోపలి నీరు 120 డిగ్రీల వఱకును మరగకుండ నుండగలదు. మూత విప్పిన మఱుక్షణమున ఆ ఒత్తిడి పోవును. నీరు ఒక్కుమ్మడి ఆవిరియై పైబడును. అందుచే ఇంజను నాపి, చేయి పెట్టగలిగినంత చల్లారువఱకు వేచియుండుటయే మార్గము.

ఆయుర్వేదము జఠరాగ్నిని నాలుగు విధములుగా చెప్పినది: తీక్ష్ణము, మందము, విషమము, సమము. ఇంజనునకును ఈ నాలుగును గలవు. నీరు మరగి, సిలిండరు తల వంగునది తీక్ష్ణాగ్ని. దీనికి జడిసి మన ప్రాంతమున కొందఱు థర్మోస్టాటును పీకివేయుదురు. అది మైనము నింపిన చిన్న కవాటము. నీరు సుమారు 82 డిగ్రీలకు కాగువఱకు దానిని రేడియేటరునకు పోనీయదు. దానిని తీసివేసిన ఇంజను చల్లగనే నడచును. చమురు సరిగా కాలదు, లోపలి గోడలు అరగును, డీజిలు ఎక్కువ త్రాగును. ఇది మందాగ్ని. డ్రైవరు తలచినపుడు స్విచ్చి వేసి, మఱచినపుడు మానివేయుట విషమాగ్ని. 85 మొదలు 95 డిగ్రీల నడుమ నిలుపుట సమాగ్ని. మన ఇండ్లలో పట్టుపురుగునకు ఎదిగిన దశలో 24, 25 డిగ్రీలు చాలునని తడిగోనెలు కట్టుచు, కిటికీలు మూయుచు కనిపెట్టుకొని యుందుము గదా! మితమైన వేడిమి చలితో సమానము కాదని మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

కావున ఫ్యానును బిగించువారు గమనింపవలసినవి కొన్ని గలవు. ఉష్ణమును కనిపెట్టు స్విచ్చి యుండవలెను. అది 95 డిగ్రీల చెంత ఫ్యానును త్రిప్పి, 90 డిగ్రీలకు దిగగానే ఆపవలెను. 12 వోల్టులపై 15 ఆంపియర్లు లాగు ఫ్యాను 180 వాట్లు తినును. కదలునపుడు అంతకు రెండు మూడింతలు లాగును. సన్నని తీగ దానికి తాళదు. లావుపాటి తీగ, ఫ్యూజు, రిలే తప్పనిసరి. పాత డైనమో ఆ భారమును మోయగలదో లేదో ముందే లెక్క చూచుకొనవలెను. ఫ్యాను చుట్టు డొప్ప లేనిచో గాలి ప్రక్కలకు జాఱిపోవును. పిమ్మట కాగితపు పరీక్ష.

ఇది మన యూరికే వచ్చిన చిక్కు కాదు. 1888లో బెర్తా బెంజ్ అను జర్మను ఇల్లాలు భర్త నిర్మించిన మోటారు బండిని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వఱకు నడపినపుడు, దారి పొడవున నీరు పోయుచునే పోవలసివచ్చెను. మన దేశమున 1983లో వచ్చిన మారుతి 800 విద్యుత్తు ఫ్యానును సామాన్యుల యిండ్లకు చేర్చినది. 2019 మొదలు మన పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి కడ కియా కర్మాగారమున కార్లు తయారగుచున్నవి. వానిలో ఉష్ణమును చూచి ఫ్యానును త్రిప్పుట గణకయంత్రపు పని. అంతటి విద్య మన గడపలో నుండగా, మన డ్రైవరు చేతిలోని ఒక్క కాగితమును చదివి చెప్పువాడు ఊర లేకపోయెను. కాదు, ఉండెను, తల యెత్తలేదు.

ఆ డ్రైవరు నేడు మూడవ వరుసలో కూర్చున్నాడు. అతని యనుమతితోనే ఈ మాటలు చెప్పితిని. జీపు ఇప్పుడు సమాగ్నితో నడచుచున్నది. ఆ శ్లేషయు తరువాత విడినది; అతని చేతి మచ్చ మాత్రము పోలేదు.

కార్యదర్శిగారికి నా విన్నపము రెండు. కావ్యముల ప్రక్కనే మోటారు పంపులు, ఇంజనులు, మగ్గములు, కుట్టుమిషనులను గూర్చిన తెలుగు పుస్తకముల కొక బీరువా నేర్పఱపుడు. వారమున కొక సాయంకాలము ఎవరు ఏ కాగితము తెచ్చినను చదివి చెప్పుటకు ఈ బల్ల కడ నేను కూర్చుండెదను. ఆ పనికి నా పేరు వ్రాసికొనుడు.